లీవెన్‌హుక్ మహాశయుడు

జీవకణములను బరిశీలించు సూక్ష్మదర్శినులు నేడు పలువిధములుగా నున్నవి. ఈ శాస్త్రమునకు మూలపురుషులలో నొకడు పండితుడు గాడు, వైద్యుడు గాడు. హాలెండు దేశమున డెల్ఫ్టు పట్టణమునందు బట్టల యంగడి నడపిన వర్తకుడు. ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ చరిత్రము మన పాఠకులకు ముదమును, హెచ్చరికను గూడ గూర్చునని తలంచి యిచట సంగ్రహించుచున్నాము.

ఆయన 1632 లో జన్మించెను. విశ్వవిద్యాలయమున జదువలేదు, నాటి పండితభాషయగు లాటిను నేర్వలేదు. 1665 లో ఇంగ్లండునందు రాబర్టు హుక్, బెండుముక్కలో గదులవంటి యరలను గాంచి వానికి సెల్ అను పేరిడెను. హుక్ సూక్ష్మదర్శినిలో నొకటికంటె నెక్కువ కటకములుండెను. లీవెన్‌హుక్ సాధనమున నున్నది రెండు లోహపు రేకుల నడుమ నిమిడిన యొకే చిన్న కటకము. మిగిలియున్న వానిలో నొకటి వస్తువును సుమారు 270 రెట్లు పెద్దదిగా జూపును.

దానితో నాయన రక్తమందలి యెఱ్ఱకణములను, చెఱువునీటిలోని సూక్ష్మజీవులను, దంతముల పాచిలోని క్రిములను గనెను. 1673 మొదలు 50 ఏండ్లపాటు లండను రాయల్ సొసైటీకి మాతృభాషలోనే లేఖలు వ్రాసెను. నీటి జీవులను గూర్చి 1676 లో వ్రాసినది పెద్దలు వెంటనే నమ్మలేదు. 1677 లో హుక్ స్వయముగా జూచి నిజమని నిరూపించెను. 1680 లో నా సంఘము బట్టల వర్తకుని సభ్యునిగా నెన్నుకొనెను.

అయినను నాయనలో నొక లోపము గలదు. చూచినదెల్ల లోకమునకు జెప్పెను గాని, చూచు విధానమును మాత్రము దాచెను. శ్రేష్ఠమైన కటకముల నిర్మాణమును శిష్యులకు నేర్పలేదు. 1723 లో నాయన గతించిన పిమ్మట నీ శోధన చిరకాలము మందగించెను.

తరువాతివారి మార్గము వేఱు. 1830 లో జోసెఫ్ జాక్సన్ లిస్టరు రంగుల మసక లేని కటకముల కూర్పును బ్రకటించెను. హాలెండు దేశీయుడే యగు జెర్నికె, రంగు వేయకయే సజీవకణమును స్పష్టముగా జూపు పద్ధతిని గనిపెట్టి 1953 లో నోబెలు బహుమానమందెను. కణములోని యొక్కొక్క పదార్థమును వెలుగు రంగులతో గుర్తించు సూక్ష్మదర్శినులు వచ్చెను. కాంతికి దొరకని సూక్ష్మాంగములను జూపుటకు, 1931 లో జర్మనీలో రుస్కా, నోల్ నిర్మించిన యంత్రమునుండి యెలక్ట్రాను సూక్ష్మదర్శిని వృద్ధిపొందెను. అయితే దానికి లోబడిన కణము సజీవముగా నుండదు. ఏ యొక్క సాధనమును సర్వమును జూపజాలదు. ఒకదాని కొఱతను మఱియొకటి తీర్చును.

2021 లో శాస్త్రజ్ఞులు యుట్రెక్టునందలి లీవెన్‌హుక్ సాధనమును విప్పకయే న్యూట్రానులతో బరీక్షించిరి. కటకము గాజును కరగించి చేసిన చిన్నగుండు. హుక్ 1678 లో నచ్చొత్తించిన పద్ధతిని బోలినదే! ఆ మహాశయుని యోర్పును, నిశితదృష్టిని మేము శిరసావహింతుము. కాని విద్యను మూటగట్టి కాపాడువాడు దానికి రక్షకుడు గాజాలడని యాయన చరిత్రమే మనకు బోధించుచున్నది.