ఆచార్య జగదీశచంద్ర బోసు

తంతి లేకయే వార్తలును చిత్రములును ఒక యంత్రమునుండి వేఱొక యంత్రమునకు బోవుట నేడు సామాన్యవిషయమైనది. ఈ విద్యకు పునాదులు వేసినవారిలో నొకరు భారతీయులని యెఱిగినవారు మాత్రము కొలదిమందియే. ఆ మహనీయులు జగదీశచంద్ర బోసుగారు.

వారు 1858వ సంవత్సరము నవంబరు 30వ తేదీన వంగదేశమున మైమన్‌సింగునందు జన్మించిరి. తండ్రి భగవాన్ చంద్ర బోసుగారు ప్రభుత్వోద్యోగులయ్యును, కుమారుని ముందుగా మాతృభాషా పాఠశాలకే పంపిరి. అచట బెస్తల బిడ్డలు మొదలగువారు ఆ బాలునకు సహాధ్యాయులైరి. ప్రకృతిని పరిశీలించు కుతూహలము వారి సాంగత్యమువలననే తమకు గలిగినదని బోసుగారు తరువాత జెప్పుకొనిరి.

కలకత్తాలోను, పిదప కేంబ్రిడ్జిలోను విద్య ముగించి, 1885లో ప్రెసిడెన్సీ కళాశాలయందు ఆచార్యపదవి నందిరి. తెల్లవారి జీతములో మూడింట రెండుపాళ్లే భారతీయునకు. తాత్కాలికోద్యోగమను మిషతో అందును సగమే యిత్తుమనిరి. బోసుగారు పాఠములు మానలేదు, జీతము ముట్టలేదు. కుటుంబము ఋణభారముచే గుందుచున్నను మూడేండ్లట్లే గడపిరి. తుదకు ప్రభుత్వమే తలయొగ్గి, వెనుకటి బాకీతోగూడ పూర్తి జీతము చెల్లింపవలసివచ్చెను.

1894లో విద్యుత్తరంగ పరిశోధన లారంభించిరి. ప్రయోగశాల యొక చిన్నగది. పరికరములు దేశీయుడగు తగరపుపనివాడు చేసినవి. 1895లో కలకత్తా టౌనుహాలునందు, గోడలు దాటిపోయిన తరంగములచే దూరమున గంట మ్రోగించి, తుపాకిమందు ప్రేల్చి, సభాసదులను విస్మితులను గావించిరి. హెర్ట్‌జు పండితుని దీర్ఘతరంగములను గుదించి, అయిదు మిల్లీమీటర్ల తరంగములను బుట్టింపగలిగిరి. 1897లో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషను వారిని సగౌరవముగా నాహ్వానించెను. 1899లో వారు వివరించిన పాదరస గ్రాహకమువంటిదానినే 1901లో మార్కోనీ అట్లాంటిక్ సముద్రముమీదుగా వచ్చిన సంకేతము నాలకించుటకు వాడెను.

వ్యాపారులు ధనాశ జూపిరి. బోసుగారు లొంగక తమ పరికరముల మర్మమును సభయందే వెల్లడించిరి. మిత్రుల బలవంతముచే అమెరికాలో 1904లో నొక పేటెంటు లభించినను, దానివలన లాభము గోరలేదు. పిమ్మట వారి దృష్టి వృక్షజీవనముపై మరలెను. 1917లో కలకత్తాలో బోసు విజ్ఞానమందిరమును స్థాపించిరి. 1920లో రాయల్ సొసైటీ సభ్యులైరి. 1937 నవంబరు 23వ తేదీన గిరిడీలో దివంగతులైరి.

అయిదు మిల్లీమీటర్ల తరంగమనగా సెకనునకు 6,000 కోట్ల కంపనములు. 2012లో ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ వెలువరించిన 802.11 ఏడీ అను నిస్తంత్రి ప్రమాణ మీ ప్రాంతపు తరంగములనే స్వీకరించెను. గోడను దాటుట వీనికి గష్టమైనను, ఒకే గదిలో అపారమగు సమాచారమును మోయగలవు. ఆ యేడే ఆ సంస్థ ప్రెసిడెన్సీ కళాశాలలో బోసుగారి ప్రయోగములకు స్మారకఫలకము నెలకొల్పెను.

జ్ఞానమును సర్వజనసొత్తుగా నెంచిన బోసుగారి ఔదార్యము స్తుత్యమే. కాని వారు చల్లిన విత్తు పరభూములలో మొలకెత్తి, ఫలమును మనము వెలయిచ్చి కొనవలసివచ్చెను. లోపము విత్తనముది గాదు, విత్తినవారిది గాదు. దున్ని నీరు పెట్టవలసిన కర్మాగారములు, ధనవంతులు ఆనాడు లేకపోవుటయే లోపము. నేటి యువపరిశోధకుని చిన్నగదికి గావలసిన సాయమును మనము సకాలమున నందించుటయే ఆ మహనీయునకు దగిన స్మారకము.