అణువు గుట్టు కొందరి సొత్తు కారాదన్న మేఘనాద్ సాహా

అరకు వెళ్లే దారిలో అనంతగిరి కొండల్లో పుట్టే గోస్తనీ నది బొర్రా గుహల గుండా పారి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తూర్పు కనుమల రాళ్లు యుగాల తరబడి అరిగి, ఇలాంటి నదుల వెంట కొట్టుకొచ్చి తీరమంతా ఇసుకగా మేట వేశాయి. ఆ ఇసుకలో మోనజైట్ ఉంది. మోనజైట్‌లో థోరియం ఉంది. థోరియం నుంచి అణు ఇంధనం తయారు చేయొచ్చు. అదే తీరం వెంట ఉత్తరానికి వెళ్తే శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో కొవ్వాడ వస్తుంది. అక్కడ ఒక్కొక్కటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు అణు రియాక్టర్లు కట్టాలన్నది కేంద్రం ప్రణాళిక. రాయి ఆదివాసుల కొండది. తీరం మత్స్యకారులది. మరి అణుశక్తి గురించి తెలుసుకునే హక్కు, అడిగే హక్కు ఎవరిది? ఈ దేశంలో ఆ ప్రశ్నను మొదట్లోనే గట్టిగా లేవనెత్తిన శాస్త్రవేత్త మేఘనాద్ సాహా.

1893 అక్టోబర్ 6న ఇప్పటి బంగ్లాదేశ్‌లో, ఢాకా దగ్గరి ఒక పల్లెలో ఆయన పుట్టారు. తండ్రి జగన్నాథ్ సాహా చిన్న కిరాణా కొట్టు నడిపేవారు. ఎనిమిది మంది సంతానంలో ఈయన ఐదోవాడు. పై చదువుకు ఊళ్లో బడి లేదు. దూరపు ఊరిలో ఒక డాక్టరు ఇంట్లో ఉంటూ, ఆవును చూసుకుంటూ, తిన్న కంచం తనే కడుక్కుంటూ చదివారు. ఢాకా బడిలో స్కాలర్‌షిప్ వచ్చింది. 1905లో బెంగాల్ విభజనప్పుడు గవర్నర్ రాకకు నిరసన తెలిపినందుకు బడినీ, స్కాలర్‌షిప్పునూ పోగొట్టుకున్నారు.

1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీకి వచ్చారు. ఈడెన్ హిందూ హాస్టల్లో అగ్రకుల విద్యార్థులు కొందరు ఆయనను తమ పంక్తిలో కూర్చుని తిననివ్వలేదు. సరస్వతీ పూజలోనూ పక్కన పెట్టారు. సాహాలను తర్వాత వచ్చిన షెడ్యూల్డ్ కులాల జాబితాలో చేర్చలేదు. కానీ హాస్టల్ భోజనశాల ఏ జాబితా చూసి మనిషిని వేరు చేయలేదు. చదువుల తల్లి పూజకు పనికిరాడన్న ఆ కుర్రాడు 1920లో, 27 ఏళ్లు నిండకముందే, నక్షత్రాల వెలుగును బట్టి వాటి వేడినీ, అందులోని మూలకాల స్థితినీ లెక్కగట్టే సమీకరణం ఇచ్చాడు. ప్రపంచమంతా దాన్ని సాహా సమీకరణం అంటుంది. 1927లో లండన్ రాయల్ సొసైటీ ఆయనను ఫెలోగా ఎన్నుకుంది.

1938 చివర్లో బెర్లిన్‌లో ఒట్టో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ యురేనియాన్ని న్యూట్రాన్లతో కొడితే అది రెండు ముక్కలైన ఆనవాళ్లు కనిపించాయి. జరిగిందేమిటో వివరించింది లీజ్ మైట్నర్, ఆమె మేనల్లుడు ఒట్టో ఫ్రిష్. యూదు ఇంట పుట్టినందుకు మైట్నర్ అప్పటికే జర్మనీ వదిలి పారిపోవాల్సి వచ్చింది. నోబెల్ మాత్రం హాన్ ఒక్కరికే దక్కింది.

ఆ వివరణ సారం ఇది. యురేనియం-235 కేంద్రకం ఒక న్యూట్రాన్‌ను మింగి రెండుగా చీలుతుంది. చాలా వేడి పుడుతుంది, రెండు మూడు కొత్త న్యూట్రాన్లు బయటికొస్తాయి. అవి మరికొన్ని కేంద్రకాలను చీలుస్తాయి. ఈ గొలుసును పట్టపగ్గాల్లేకుండా వదిలితే బాంబు. అదుపులో పెడితే రియాక్టర్. న్యూట్రాన్ల వేగం తగ్గించడానికి నీళ్లో, భారజలమో వాడతారు. ఎక్కువైన న్యూట్రాన్లను పీల్చడానికి కంట్రోల్ రాడ్లు దించుతారు. ఆ వేడితో నీళ్లు ఆవిరై టర్బైన్‌ను తిప్పుతాయి, జనరేటర్ కరెంటు ఇస్తుంది. ఆవిరి దగ్గర్నుంచి బొగ్గు కేంద్రంలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. తేడా పొయ్యిలోనే. ఒక్క గ్రాము యురేనియం-235 పూర్తిగా చీలితే దాదాపు 3 టన్నుల బొగ్గు కాల్చినంత వేడి వస్తుంది. థోరియం నేరుగా ఇలా మండదు. అది రియాక్టర్లో న్యూట్రాన్‌ను మింగి యురేనియం-233గా మారాలి.

సాహా ఈ శాస్త్రం విలువను వెంటనే పట్టుకున్నారు. 1940లోనే కలకత్తా విశ్వవిద్యాలయం ఎం.ఎస్సీ. పాఠాల్లో కేంద్రక భౌతికశాస్త్రం చేర్చారు. సైక్లోట్రాన్ కోసం పాట్లు పడ్డారు. 1950లో ఆయన నిలబెట్టిన కేంద్రక భౌతికశాస్త్ర సంస్థను ఐరీన్ జోలియో క్యూరీ ప్రారంభించారు. ఇప్పుడు ఆ సంస్థకు సాహా పేరే ఉంది.

1948లో హోమీ భాభా అధ్యక్షుడిగా అణుశక్తి కమిషన్ ఏర్పడింది. చట్టం దాని పనికి రహస్యం అనే కంచె కట్టింది. సాహాకు అందులో చోటు లేదు. ముందు మనుషులను తయారుచేయాలి, పరిశ్రమలకు పునాది వేయాలి, పరిశోధన విశ్వవిద్యాలయాల్లో అందరి కళ్లముందు సాగాలి అన్నది ఆయన వాదన. 1952లో కలకత్తా నుంచి స్వతంత్రుడిగా లోక్‌సభకు గెలిచారు. 1954 మేలో సభలో అణుశక్తిపై చర్చ లేవదీశారు. అణుశక్తి వద్దని ఆయన ఎప్పుడూ అనలేదు. అది గుప్పెడు మంది చేతుల్లో గుట్టుగా ఉండకూడదన్నారు.

ఆయనలో లోటు లేదా అంటే ఉంది. పెద్ద ఆనకట్టలనూ, భారీ పరిశ్రమలనూ ఆ తరం మేధావుల్లాగే గట్టిగా నమ్మారు. 1955లో అరకుకు అవతల మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. దానికోసం మునిగినవి ఆదివాసుల ఊళ్లు. ఆ లెక్క అడిగే గొంతు అప్పటి ప్రణాళికల గదుల్లో వినిపించలేదు.

1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘం కార్యాలయానికి నడిచి వెళ్తూ సాహా గుండెపోటుతో కుప్పకూలారు. ఆరు నెలలు తిరక్కుండానే, ఆగస్టు 4న, ట్రాంబేలో దేశపు తొలి రియాక్టర్ అప్సర పనిచేయడం మొదలుపెట్టింది.

కొవ్వాడ ముందు ఇప్పుడున్నవి ఆయన రహస్యం మీద వేసిన ప్రశ్నల్లాంటివే. గొలుసు చర్య ఆపేసినా ఇంధనంలో వేడి పుడుతూనే ఉంటుంది. ఆ వేడిని చల్లార్చే నీళ్లు ఆగితే ఏమవుతుందో 2011లో ఫుకుషిమా చూపించింది. తుపాన్లు తగిలే మన తీరంలో ఆ నీటికి, ఆ కరెంటుకు ఏర్పాటేమిటి? వాడేసిన ఇంధనం ఎక్కడ, ఎన్నేళ్లు దాస్తారు? 1997లో బొర్రా ప్రాంతంలోని గనుల మీద సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతపు భూమిని ఆదివాసేతర ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని తేల్చింది. కొండవాళ్లు అడిగి సాధించుకున్న తీర్పు అది. తీరంలో వేట సాగించేవాళ్లకూ అడిగే హక్కు ఉంది. వాళ్లకు జవాబు వాళ్ల భాషలో, రియాక్టర్‌కు పునాది తవ్వకముందే రావాలి.