కాళ్లకు చదువు చెప్పిన ఉపాధ్యాయుడు

క్రీడాకారుని కీర్తి మన కండ్లయెదుటనే పుట్టి, మన కండ్లయెదుటనే పెరుగును. బంతి గోలులో పడినంతనే వేలమంది కరతాళధ్వనుల నడుమ వాని పేరు మారుమ్రోగును. శిక్షకుని కీర్తి అట్టిది కాదు. ఆట సాగుచున్నంతసేపు ఆయన గీతకు వెలుపల కూర్చుండును. గెలిచిననాడు ఛాయాచిత్రములో ఒక మూల నిలుచుండును. ఓడిననాడు మాత్రము అందరి వ్రేళ్లును ఆయనవైపే తిరుగును. భారతదేశమునకు ఫుట్‌బాల్ క్రీడయందు ఆసియా ఖండపు ప్రథమస్థానమును రెండుమార్లు ఆర్జించి పెట్టిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఇట్లు మరుగున నిలిచిన మనుష్యుడు. ఆయన హైదరాబాదువాడు, వృత్తిచే బడిపంతులు. ఆయన జీవితమును పరిశీలించినచో, మైదానమున సాధించినదానికెల్ల మూలము తరగతి గదియందే కలదని తోచును. ఆయన మరణముతో మనము పోగొట్టుకొన్నది ఒక శిక్షకునే కాదు, ఒక బడిని.

రహీమ్ 1909 వ సంవత్సరము ఆగస్టు 17 వ తేదీన, నిజాము ప్రభువుల యేలుబడిలోనున్న హైదరాబాదు నగరమునందు జన్మించెను. ఆయనకు తొమ్మిదేండ్ల వయస్సున, అనగా 1918 లో, ఆ నగరమున ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసెను. దేశభాషయైన ఉర్దూలో ఉన్నతవిద్య గరపుటకు పూనుకొన్న ఆ విద్యాలయమునందే రహీమ్ చదివి బి.ఏ. పట్టము పొందెను. అచ్చటి విద్యార్థులు, పూర్వవిద్యార్థులు కలసి ఏర్పరచుకొన్న జట్టులో ఆయన ఫుట్‌బాల్ ఆడెడివాడు. చదువు ముగిసిన పిమ్మట కాచిగూడ మాధ్యమిక పాఠశాలయందును, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలయందును ఉపాధ్యాయుడుగా పనిచేసెను. శారీరకవిద్యలో డిప్లొమా పొంది, బాలుర క్రీడల బాధ్యతను తానే వహించెను. సాయంకాలములందు ఖమర్ క్లబ్బు పక్షమున ఆడుచుండెను. ఆటగాడుగా ఆయన పేరు నగరపు ఎల్లలు దాటి దూరము పోలేదు. దాటిపోయినది ఆయన విద్య.

1943 లో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి యయ్యెను. ఆ కాలమున ఈ దేశమున ఫుట్‌బాల్ అనగా కలకత్తా నగరమే. 1911 లో మోహన్ బగాన్ జట్టు ఆంగ్లేయ సైనికదళమును ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డును గెలిచిన నాటినుండి వంగదేశమునందు ఆ ఆట జాతీయాభిమానముతో పెనవేసికొని పెరిగినది. హైదరాబాదునకు అట్టి చరిత్ర లేదు. అచ్చటి సంఘములకున్న ధనబలమును లేదు. ఉన్నవి కొన్ని మైదానములు, పోలీసు శాఖవారి ప్రోత్సాహము, చెప్పులైనను లేని కాళ్లతో సందులలో బంతి తన్నుకొను బాలురు. ఈ మూడింటితోనే రహీమ్ పని మొదలుపెట్టెను.

ఆయన ప్రవేశపెట్టిన పోటీలను గమనించినచో అందు బడిపంతులు స్పష్టముగా కానవచ్చును. బంతిని తనయొద్ద నుంచుకొని ఒంటరిగా ముందునకు దొర్లించుకొని పోరాదను నియమముతో ఒక పోటీ. బంతిని ఒక్కమారు మాత్రమే తాకి తోడివానికి అందింపవలెనను నియమముతో మరియొక పోటీ. అలవాటు లేని కాలితోనే ఆడవలెనను నియమముతో ఇంకొక పోటీ. చూచువారికి ఇవి వినోదములుగా తోచును గాని, ఒక్కొక్క పోటీయు ఒక్కొక్క పాఠము. బంతిని దాచుకొను అవకాశము లేనప్పుడు, అది తనయొద్దకు రాకముందే ఎవరికి ఇయ్యవలెనో పిల్లవాడు ఆలోచించుకొని యుండవలెను. బంతి లేని తక్కిన పదిమందియు ఖాళీ జాగాలకు పరుగెత్తి అందుకొనుటకు సిద్ధముగా నుండవలెను. ఒక్కని నేర్పు పదునొకండుగురి నేర్పుగా మారు మార్గ మిదియే. ఎడమకాలికి పని చెప్పినచో ఎదిరి వెనుకవరుసవాడు ఆటగాని మలుపును ముందుగా ఊహింపజాలడు. కండబలమునందును ఎత్తునందును మనవారు పాశ్చాత్యులకు తీసికట్టు; కావున బంతిని నేలబారుగా, చిన్నచిన్న దూరములకు, వేగముగా అందించుకొనుటయే మనకు తగిన పద్ధతియని ఆయన నిశ్చయించెను. హైదరాబాదు ఆటతీరు అని తరువాత దేశమంతట ప్రసిద్ధమైనది ఇదియే.

1950 లో రహీమ్ హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. ఆ యేడే ఆ జట్టు డ్యూరాండు కప్పు తుదిపోటీలో మోహన్ బగాన్‌ను ఓడించెను. బొంబాయిలో ఆ కాలమున జరుగుచుండిన రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు గెలిచెను. డ్యూరాండు కప్పు 1954 లోను, 1957 లోను, ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టను పేరుతో 1961 లోను మరల వారికే దక్కెను. రాష్ట్రముల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956-57, 1957-58 సంవత్సరములలో వెంటవెంట గెలుచుకొనెను.

ఈ విజయముల వెనుక బాలుర నెన్నుకొనుటలో ఆయన చూపిన శ్రద్ధ కలదు. సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడలో పేదకుటుంబమున పుట్టిన తులసీదాస్ బలరామ్ ఆటను చూచి ఆయన మెచ్చుకొనెను. బాలునకు నగరములోని మైదానమునకు వచ్చుటకైనను డబ్బు లేదని తెలిసికొని, సైకిలు బాడుగకు తానే రొక్కమిచ్చి రప్పించుకొనెను. ఆ బాలుడే అనంతరకాలమున రెండు ఒలింపిక్ క్రీడలలో దేశమునకు ప్రాతినిధ్యము వహించెను. వెనుకవరుసను కాచిన అజీజుద్దీన్, నడిమివరుసలో అలుపెరుగని నూర్ మహమ్మద్, ముందువరుసలోని జుల్ఫికరుద్దీన్ మొదలగువారు ఈ హైదరాబాదు బడిలో పదునెక్కినవారే.

నగరజట్టునకు శిక్షకుడైన కాలముననే రహీమ్ చేతికి దేశపు జట్టును వచ్చినది. 1951 మార్చి నెలలో ఢిల్లీయందు మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగినవి. శైలేన్ మన్నా నాయకత్వమున మన జట్టు ఇండొనీషియాను, ఆఫ్ఘనిస్థానమును మూడేసి గోలులతో ఓడించి, తుదిపోటీలో మేవాలాల్ చేసిన ఒక్క గోలుతో ఇరాన్‌పై గెలిచి స్వర్ణపతకము నందుకొనెను. ఆ యానందము పదునేడు నెలలైనను నిలువలేదు. 1952 జూలైలో హెల్సింకి ఒలింపిక్ క్రీడలయందు మనవారు యుగోస్లావియాతో తలపడి 10-1 తేడాతో ఓడిపోయిరి. మన ఆటగాండ్రలో పెక్కుమంది బూట్లు లేక వట్టికాళ్లతోనే ఆడిరి. ఎండిన నేలపై వట్టికాలు బంతిని ముద్దుగా మలచగలదు. చలిదేశపు పచ్చికపై, ఇనుపమేకుల బూట్ల నడుమ అది నిలువజాలదు. ఈ పరాభవము తరువాతనే బూట్లు ధరించియే ఆడవలెనను నియమమును అఖిలభారత సంఘము విధించెను.

ఓటమిని విధికి వదలివేయక, దానిని దిద్దుకొనవలసిన జవాబుపత్రముగా చూచుటలో రహీమ్ ఉపాధ్యాయత్వము మరల వ్యక్తమగును. 1953 లో హంగరీ జట్టు ఇంగ్లండును దాని స్వదేశమందే 6-3 తేడాతో ఓడించి, ముందువరుస నడిమివాడు వెనుకకు జరిగి ఆడు పద్ధతిని లోకమునకు చూపెను. వెనుకవరుసలో నలుగురిని నిలుపు పద్ధతి 1958 లో బ్రెజిలు జట్టు వలన లోకప్రసిద్ధమయ్యెను. దానిని రహీమ్ మన దేశమున అంతకుమునుపే పరీక్షించెనని క్రీడాచరిత్రకారులు చెప్పుదురు. ఎట్లైనను, కలకత్తా సంఘములు పాతపద్ధతిని వీడలేకున్న కాలమున ఆయన క్రొత్తదానికై వెదకుచుండెననుట నిశ్చయము.

1956 వ సంవత్సరము నవంబరు 1 న హైదరాబాదు రాష్ట్రము రూపుమాసి ఆంధ్రప్రదేశ్ అవతరించెను. సరిగా నెలదినములకు, డిసెంబరు 1 న, రహీమ్ జట్టు మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించెను. అందు మూడు గోలులు నెవిల్ డిసౌజావి. ఒలింపిక్ పోటీలలో ఒకే ఆటయందు మూడు గోలులు చేసిన తొలి ఆసియావాసి యాతడే. సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టును మనదే. నాలుగేండ్ల క్రిందట పది గోలులు చేసిన యుగోస్లావియాయే అచ్చట మరల ఎదురుపడెను. మొదటి గోలు మనవారే చేసిరి. కాని తుదకు 4-1 తేడాతో ఓడిరి. మూడవ స్థానమునకై జరిగిన ఆటలో బల్గేరియాకు లొంగి నాలుగవ స్థానముతో తృప్తిపడవలసి వచ్చెను. భారతదేశము ఒలింపిక్ ఫుట్‌బాల్‌యందు ఎక్కిన మెట్లలో ఇదియే పైమెట్టు.

1960 లో రోము ఒలింపిక్ క్రీడలయందు ఫలితపట్టిక అంత మెరుగుగా కనబడదు గాని, ఆటయందు ఎదుగుదల కనబడును. ఆ పోటీలలో కాంస్యపతకము గెలిచిన హంగరీతో 2-1 తేడాతో మాత్రమే మనవారు ఓడిరి. ఫ్రాన్సుతో 1-1 గా సమముగా నిలిచిరి. పెరూకు 3-1 తేడాతో లొంగి ఇంటిదారి పట్టిరి. హంగరీపైనను పెరూపైనను గోలుచేసినవాడు, సైకిలు బాడుగకు డబ్బులేని ఆ అమ్ముగూడ బాలుడే. ఆ తరువాత నేటివరకు భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్ క్రీడలలో అడుగుపెట్టలేదు.

జకార్తాలో 1962 లో జరిగిన ఆసియా క్రీడలు రహీమ్ జీవితమునకు కడపటి పరీక్ష. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సరు ఆయన దేహమును తినివేయుచుండెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0 తేడాతో మనవారిని ఓడించెను. థాయిలాండుపై గెలిచిన ఆటలో, మన వెనుకవరుసకు ఉక్కుగోడ వంటి జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడెను. జపానుపై 2-0 తేడాతో గెలిచి సెమీఫైనల్ చేరిరి. అచ్చట రహీమ్ చేసిన నిర్ణయము నేటికిని చెప్పుకొనదగినది. గాయపడిన రక్షకుని ఆయన ఇంట కూర్చుండబెట్టలేదు. ముందువరుస నడుమ నిలిపెను. ఎదిరి రక్షకుల మనస్సును రక్షకుడెరిగినంతగా మరియొకడెరుగడు. అతని పెద్దవిగ్రహము గోలు ముంగిట ఎదిరివారికి క్రొత్త చిక్కయ్యెను. దక్షిణ వియత్నాముపై 3-2 తేడాతో గెలిచిన ఆటలో జర్నైల్ ఒక గోలు చేసెను.

తుదిపోటీ సెప్టెంబరు 4 న, తొలినాడు ఓడించిన దక్షిణ కొరియాతోనే జరిగెను. ఇజ్రాయేలు, తైవాను దేశములవారికి ఇండొనీషియా ప్రవేశము నిరాకరింపగా, భారతీయుడైన క్రీడాధికారి సోంధీ దానిని ఆక్షేపించెను. అందువలన జకార్తా జనము మన దేశముపై కినుక వహించియుండిరి. మన రాయబార కార్యాలయముపై దాడియు జరిగెను. సుమారు లక్షమంది జనములో మన ఆటగాండ్రకు వినబడినవి ఈసడింపులే. పూర్వపు ఆటలకు జ్వరముచే దూరమైన హైదరాబాదు బిడ్డ పీటర్ తంగరాజ్ గోలు కాచుటకు నిలిచెను. పదునేడవ నిమిషమున పి.కె. బెనర్జీ, మూడు నిమిషములకే జర్నైల్ సింగ్ గోలులు చేసిరి. కొరియావారు చివర ఒకటి చేసినను ఫలము లేకపోయెను. చునీ గోస్వామి నాయకత్వమున మన జట్టు 2-1 తేడాతో స్వర్ణపతకము గెలిచెను. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణము మరల మనకు దక్కలేదు.

జకార్తానుండి వచ్చిన రహీమ్ పది నెలలైనను బ్రదుకలేదు. 1963 జూన్ 11 న, యేబదిమూడేండ్ల ప్రాయమున కన్నుమూసెను. ఆయన శిష్యులలో పి.కె. బెనర్జీ గొప్ప శిక్షకుడయ్యెను. కుమారుడు షాహిద్ హకీమ్ రోము జట్టులో సభ్యుడై, పిదప అంతర్జాతీయ రిఫరీగా పేరుగాంచెను. ఆంధ్రప్రదేశ్ జట్టు 1965-66 లో సంతోష్ ట్రోఫీ గెలిచెను. గురువు నాటిన చెట్టు మరికొంతకాలము కాయలు కాచినది, అంతటితో ఎండిపోయినది. పతకములు లెక్కలలో మిగిలినవి. పోటీల నియమములు, బాలుర ఎన్నిక, దినదినాభ్యాసపు క్రమము ఒక సంస్థగా నిలువలేదు. ఒక మనుష్యుని శ్రద్ధపై ఆధారపడిన విద్య ఆ మనుష్యునితోనే పోవును. 2024 లో ఆయన జీవితముపై హిందీ చలనచిత్రమొకటి వచ్చుటచే పేరు మాత్రము మరల కొందరి నోట వినబడినది.

రహీమ్ ఎరిగిన నగరము నేడు ఎల్లలు చెరిపివేసికొని పడమటి దిక్కున పటాన్‌చెరు, ముత్తంగి, సంగారెడ్డి వరకు కర్మాగారముల వరుసగా సాగిపోయినది. బ్రతుకుదెరువునకై నలుదిక్కులనుండి వచ్చిన కార్మికుల బిడ్డలు అచ్చట పెరుగుచున్నారు. నాటి అమ్ముగూడ బాలునివంటివారు వారిలో లేరనుకొనుటకు కారణమేమియు లేదు. లేనిది, మైదానపు అంచున నిలిచి వారి కాళ్లను చదువగల పంతులు. వాని సైకిలు బాడుగ కనుకొని రొక్కమిచ్చు చేయి. రహీమ్‌కు విగ్రహము నిలుపుట సులభమే. ఆయన పోటీలను ఒక్క పాఠశాలయందైనను మరల ఆడించుట కష్టము. ఆయన ఋణము తీరుట ఆ కష్టమైన పనివలననే.