పడిపోవువారికి ఇల్లు కట్టిన సంఘకాపరి

పఠనభాగములు: మత్తయి 17:14–20, యోహాను 6:5–13



మూర్ఛరోగియైన తన కుమారుని ఒక తండ్రి శిష్యులయొద్దకు తీసికొనివచ్చిన సంగతి మనకందరికిని తెలిసినదే. ఆ బిడ్డ ఎప్పుడు పొయ్యిలో పడునో, ఎప్పుడు నీటిలో పడునో అని ఆ యింటివారు రాత్రింబగళ్లు కాచుకొని బ్రదికిరి. శిష్యులవలన ఏమియు కాలేదు. ఈ భాగమునుండి మనము విశ్వాసమును గూర్చి అనేక ప్రసంగములు చేసియున్నాము. గాని శిష్యులు చేతకాక నిలిచియుండగా ఆ తండ్రి బిడ్డను ఎత్తుకొని ఎక్కడికి పోవలెనో మనము ఆలోచించుట అరుదు. ఆ ప్రశ్నను తన జీవితమంతయు మోసిన ఒక సంఘకాపరిని గూర్చి ఈ మాసము ధ్యానింతము. ఆయన జర్మనీ దేశస్థుడైన ఫ్రీడ్రిక్ ఫాన్ బోడెల్‌ష్వింగ్ గారు.

ఆయన 1831వ సంవత్సరము మార్చి 6వ తేదీన వెస్ట్‌ఫాలియా ప్రాంతములోని టెక్లెన్‌బుర్గ్‌లో జన్మించెను. తండ్రి ప్రష్యా రాజ్యమునకు మంత్రిగా పనిచేసినవాడు. బాల్యమున ఆయనతో ఆడుకొనిన రాజకుమారుడు తరువాత జర్మనీ చక్రవర్తియయ్యెను. అట్టి యింట పుట్టినవానికి పెద్ద ఉద్యోగము దొరకుట కష్టము కాదు. ఆయన మొదట వ్యవసాయము నేర్చుకొని పొమెరేనియాలో ఒక పెద్ద భూస్థితికి కార్యనిర్వాహకుడుగా ఉండెను. అక్కడ కూలివారి పిల్లలకు పంచుటకై తెప్పించిన ఒక చిన్న మిషను పుస్తకమును తానే చదివి, ప్రభువు తన్ను పిలుచుచున్నాడని గ్రహించెను. వెంటనే పొలము విడిచి వేదాంతవిద్య నభ్యసింపబోయెను.

1858లో ఆయన పారిస్ నగరమునకు వెళ్లెను. అక్కడ జర్మనీనుండి వలస వచ్చిన బీదలు వీధులు ఊడ్చుకొని బ్రదుకుచుండిరి. మంత్రి కుమారుడు వారి నడుమ కాపురముండి, వారి పిల్లలకు పాఠశాలయు ప్రార్థనాలయమును ఏర్పరచెను. 1861లో తన బంధువులలోని ఈడా అనునామెను వివాహమాడెను. 1864లో స్వదేశమునకు తిరిగివచ్చి డెల్విగ్ అను పల్లెకు సంఘకాపరియయ్యెను.

ఆ పల్లెలోనే ఆ యింటిమీదికి గొప్ప శ్రమ వచ్చెను. 1869 జనవరిలో, రెండు వారములలోపల, ఒకరి వెంట ఒకరుగా వారి నలుగురు బిడ్డలును వ్యాధిచేత చనిపోయిరి. అప్పటికి వారికున్న బిడ్డలు ఆ నలుగురే. తరువాత దేవుడు వారికి మరి నలుగురు పిల్లలను అనుగ్రహించెను. అయినను ఆ నాలుగు చిన్న సమాధులను ఆయన ఎన్నడును మరువలేదు. ఇతరులయెడల కనికరము చూపుట ఆ శ్రమలోనే నేర్చుకొంటినని ఆయన తరువాత సాక్ష్యమిచ్చెను. మన శ్రమ మనలను రెండు దారులలో ఏదో ఒకదానికి నడిపించును. ఒక దారి తలుపు మూసికొనుట, రెండవది తలుపు తెరచుట. ఆయన తలుపు తెరచెను.

ఆ కాలమున మూర్ఛరోగులకు ఏ తలుపును తెరువబడియుండలేదు. బడిలో పడిపోయిన బాలుని ఇంటికి పంపివేయుచుండిరి. పనిలో పడిపోయినవానికి పని పోవుచుండెను. కొందరిని పిచ్చివారితో కలిపి బంధించిరి, కొందరిని ఇంటివారే సిగ్గుచేత దాచిరి. ఈ దుఃఖమును చూచి కొందరు విశ్వాసులు 1867లో బీలెఫెల్ట్ పట్టణమునొద్ద ఒక రైతు ఇంటిని తీసికొని, కొద్దిమంది రోగులను చేర్చుకొనిరి. 1872లో ఆ పని బోడెల్‌ష్వింగ్ గారి చేతికి అప్పగింపబడెను. ఆ స్థలమునకు బేతేలు అని పేరు కలిగెను. యాకోబు ఇల్లు లేనివాడై, రాతిని తలగడగా పెట్టుకొని పరుండిన చోటికి పెట్టిన పేరది. ఇల్లు లేనివారికి దేవుని మందిరమే ఇల్లు అని దాని భావము.

ఆయన ఒక పెద్ద ఆసుపత్రి కట్టి రోగులను వరుస మంచములపై పరుండబెట్టలేదు. ఒక గ్రామమునే కట్టెను. అనేకములైన యిండ్లు, ఒక్కొక్క యింటికి తల్లిదండ్రులవంటి పెద్దలు, పరిచర్యకు డీకనెస్ సహోదరీలును డీకను సహోదరులును. సారెపతు అనునది సహోదరీల గృహము. 1877లో ఏర్పడిన నజరేతు అనునది సహోదరుల గృహము. 1884లో సీయోను దేవాలయము ప్రతిష్ఠింపబడెను. ఆరాధన నడుచుచుండగా ఎవరైన మూర్ఛవచ్చి పడినయెడల అక్కడ అది వింత కాదు, సిగ్గును కాదు. ఆ దేవాలయము వారిదే గదా!

ఆనాటి వైద్యులయొద్ద ఈ రోగమునకు బ్రోమైడు తప్ప చెప్పదగిన మందు లేదు. దానితో కొందరికి మూర్ఛలు తగ్గెను గాని అనేకులకు మత్తు కలిగెను. స్వస్థపరచలేనివారికి ఏమి ఇయ్యగలము? ఆయన పని ఇచ్చెను. ఇటుకల బట్టీ, పొలము, తోట, వడ్రంగము, పుస్తకములకు అట్టలు కట్టు పని, ఇవన్నియు బేతేలులో నడిచెను. కష్టమైన పని చేయలేనివారికొరకు వాడిన తపాలా బిళ్లలను దేశమంతటనుండి తెప్పించి వేరుచేయు పనిని 1888లో మొదలుపెట్టెను. ఐదువేలమంది భుజించిన తరువాత ప్రభువు మిగిలిన ముక్కలను పోగుచేయుమని ఆజ్ఞాపించిన మాటను పట్టుకొని, 1890లో పాత బట్టలు, పాత సామానులు పోగుచేయుట ఆరంభించెను. లోకము పారవేసిన వస్తువులను, లోకము త్రోసివేసిన మనుష్యులు బాగుచేసిరి. రెండింటికిని విలువ యున్నదని అందరును చూచిరి.

ఆయన కన్ను రోగులయొద్దనే ఆగలేదు. పనిలేక ఊరూర తిరుగు నిరుపేదలకు 1882లో విల్‌హెల్మ్స్‌డార్ఫ్ అను పనివారి వసతిని స్థాపించెను. భిక్ష వేయుటకంటె పని చూపుట మేలని ఆయన మతము. 1903లో ప్రష్యా శాసనసభకు సభ్యుడై, అట్టివారికి వసతియు పనియు కలిగించు చట్టము 1907లో వచ్చువరకు పట్టువిడువలేదు. 1910 ఏప్రిల్ 2వ తేదీన ప్రభువునందు నిద్రించెను. అప్పటికి ఆ రైతు ఇల్లు వేలమంది నివసించు ఊరాయెను.

ఈ చరిత్రను ఇక్కడనే ముగించిన యెడల మనము సగమే చెప్పినవారమగుదుము. తండ్రి తరువాత బేతేలును నడిపినవాడు ఆయన కుమారుడు, అదే పేరుగలవాడు. 1933లో హిట్లరు ప్రభుత్వము చేసిన ఒక చట్టము మూర్ఛరోగులకు బలవంతముగా సంతానము కలుగకుండ చేయవచ్చుననెను. ఆ శస్త్రచికిత్సలు బేతేలులోను జరిగెను. ఇది దాచదగిన సంగతి కాదు. తరువాత రోగులను చంపు పని రహస్యముగా ఆరంభమాయెను. 1940లో ఫారములు బేతేలునకు వచ్చెను. రోగము పేరు ఏమి, రోగి పనిచేయగలడా అని వాటిలో అడిగిరి. పని చేయలేనివాని పేరు మరణపు పట్టికలో ఎక్కును. కుమారుడు ఆ ఫారములను నింపుటకు ఒప్పుకొనక, అధికారులయెదుట రోగుల పక్షమున వాదించెను. అనేకులు తప్పించుకొనిరి. అయినను అక్కడనుండి తరలింపబడిన యూదులైన రోగులు ఆ సంవత్సరమే చంపబడిరి.

ప్రియులారా, ఇక్కడ ఒక సంగతి గమనించుడి. తండ్రి కూడ పనిని గూర్చియే మాటలాడెను. గాని ఆయన చేతిలో పని ఒక వరము. ఆ ఫారములలో పని ఒక పరీక్ష. ఇటుక మోయలేనివానికి ఆయన తపాలా బిళ్ల ఇచ్చెను. బిళ్లయు పట్టలేనివానికి మంచమును, ఒక సహోదరి చేతిని ఇచ్చెను. మనుష్యుడు పని చేయుచున్నాడు గనుక విలువగలవాడు కాడు. విలువగలవాడు గనుకనే అతనికి పని ఇయ్యవలెను.

ఆ దేశస్థులను నిందించుట మనకు సులభము. నేను మాత్రము నిందింపజాలను. నేను సేవలో ప్రవేశించిన క్రొత్తలో, ఒక పల్లె సంఘములో, ఆరాధన మధ్య ఒక యౌవనస్థుడు మూర్ఛవచ్చి పడిపోయెను. ఎవరో పరుగెత్తి అతని చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టిరి. మరుసటి వారము పెద్దలు వచ్చి, అతనిని గుమ్మమునొద్ద చాపమీద కూర్చుండబెట్టవలెననియు, ప్రభురాత్రి భోజనపు పాత్రను అందరి తరువాత అతనికి ఇయ్యవలెననియు కోరిరి. సంఘములో సమాధానము ఉండవలెనని నేను ఒప్పుకొంటిని. అతడు మూడు ఆదివారములు గుమ్మమునొద్ద కూర్చుండెను. నాలుగవ ఆదివారము రాలేదు. చాల నెలలకు గాని నేను సిగ్గుపడి వారి యింటికి వెళ్లలేదు. అతని తల్లి మంచము వాల్చి, నాకు మజ్జిగ ఇచ్చెను. కుమారుడు పని వెదకుకొనుచు ఎక్కడికో పోయెనని చెప్పెను. ఆ మజ్జిగ నా గొంతు దిగలేదు.

కాబట్టి సంఘములకు నా మనవి ఇది. మూర్ఛ అంటువ్యాధి కాదు. తినుటవలనగాని, త్రాగుటవలనగాని, తాకుటవలనగాని అది రాదు. మత్తయి 4:24లో దయ్యముపట్టినవారిని ఒక వరుసగాను చాంద్రరోగులను వేరొక వరుసగాను చెప్పియున్నది గనుక, మూర్ఛవచ్చిన ప్రతివానిని దయ్యముపట్టినవాడని అనకుడి. ఎవరైన పడిపోయినప్పుడు చేతిలో ఇనుము పెట్టవద్దు, నోటిలో ఏమియు పెట్టవద్దు, కాళ్లు చేతులు అదిమిపట్టవద్దు. తలక్రింద మెత్తని బట్ట ఉంచి, ఒక ప్రక్కకు త్రిప్పి, తెలివి వచ్చువరకు దగ్గర నుండుడి. అయిదు నిమిషములకు ఆగనియెడల వెంటనే ఆసుపత్రికి తీసికొనిపొండి. నేడు సరియైన మందులు క్రమముగా వాడినయెడల పదిమందిలో ఇంచుమించు ఏడుగురికి మూర్ఛలు ఆగిపోవచ్చును. ప్రార్థన చేయించుకొంటిరి గనుక మాత్రలు మానివేయుడని ఏ సేవకుడును చెప్పకూడదు. ప్రార్థనయు మాత్రయు ఒక్క దేవుని చేతిలోనివే.

పెండ్లి విషయములోను న్యాయముగా నడుచుకొందము. మన దేశములో హిందూ వివాహ చట్టమందును ప్రత్యేక వివాహ చట్టమందును మూర్ఛను వివాహమునకు అడ్డుగా 1976లో వ్రాసిరి. 1999లో దానిని తీసివేసిరి. చట్టము తీసివేసిన అడ్డును సంఘము తిరిగి పెట్టవచ్చునా? రోగమును దాచకుండ చెప్పుకొని, ఒకరినొకరు ఎరిగి వివాహమాడువారిని మనము ఆశీర్వదింపవలెను.

వచ్చు ఆదివారము మీ మందిరములో చుట్టు చూడుడి. పడిపోవుదునను భయముచేత ఎవరు రాక నిలిచిపోయిరి? వారి యింటికి వెళ్లి, ముందు వరుసలో చోటు చూపుడి.

ప్రార్థన: కనికరముగల తండ్రీ, పడిపోయిన బాలుని నీ కుమారుడు చెయ్యిపట్టి లేవనెత్తెను. మేము గుమ్మమునొద్ద నిలిపినవారిని గూర్చి మమ్మును క్షమించుము. మా మందిరములను వారికి బేతేలుగా చేయుము. ఆమేన్.