ఆర్చీ కార్

ఆర్చీ కార్ (జూన్ 16, 1909 - మే 21, 1987) అమెరికాకు చెందిన జంతుశాస్త్రవేత్త, రచయిత. పూర్తిపేరు ఆర్చిబాల్డ్ ఫెయిర్లీ కార్ జూనియర్. సముద్ర తాబేళ్ళ వలసలను పరిశోధించి, వాటి సంరక్షణకు అంతర్జాతీయ స్థాయిలో పునాది వేసినవారిలో అగ్రగణ్యుడు.

తొలి జీవితం

అలబామా రాష్ట్రంలోని మొబైల్ నగరంలో జన్మించాడు. 1937లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు. జంతుశాస్త్రంలో ఆ విశ్వవిద్యాలయం ప్రదానం చేసిన మొదటి డాక్టరేటు అదే. ఆ సంవత్సరమే మార్జొరీ హారిస్‌ను వివాహమాడాడు. ఆమె కూడా ప్రకృతి పరిరక్షణ ఉద్యమకారిణిగా ప్రసిద్ధురాలు. 1945-49 మధ్య హోండురాస్‌లోని ఒక వ్యవసాయ పాఠశాలలో బోధించాడు. మిగిలిన ఉద్యోగ జీవితమంతా ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలోనే గడచింది.

పరిశోధన

1955లో కోస్టారికాలోని టోర్టుగేరో తీరంలో, గుడ్లు పెట్టడానికి వచ్చే పచ్చ తాబేళ్ళకు గుర్తుబిళ్ళలు తగిలించడం ప్రారంభించాడు. మొదట డిప్పకు తీగతో కట్టిన బిళ్ళలు నిలవలేదు. తరువాత పశువుల చెవులకు వేసే బిళ్ళలనే తాబేలు ముందరి తెడ్డుకాలికి బిగించాడు. బిళ్ళ తిరిగి పంపినవారికి చిన్న నగదు బహుమతి ప్రకటించాడు. వాటిలో ఎక్కువ భాగం నికరాగువా తీరం నుండి, తాబేళ్ళను వేటాడే జాలరుల చేతుల మీదుగానే వచ్చాయి. తాబేళ్ళను చంపేవారి ద్వారానే వాటి దారి తెలియడం ఈ పరిశోధనలోని విశేషం. ఒక దేశం తీరంలో గుడ్లు పెట్టే తాబేలు మరొక దేశపు జలాలలో మేస్తుందని, కనుక ఒక్క తీరానికి కాపలా చాలదని దీనివలన స్పష్టమైంది.

1956లో వెలువడిన "ది విండ్‌వర్డ్ రోడ్" గ్రంథం ఈయనకు జాన్ బరోస్ పతకం తెచ్చిపెట్టింది. ఆ పుస్తక ప్రభావంతోనే 1959లో కరిబియన్ సంరక్షణ సంస్థ ఏర్పడింది. అయితే అన్ని ప్రయత్నాలూ ఫలించలేదు. అమెరికా నౌకాదళ విమానాలలో పిల్ల తాబేళ్ళను వివిధ తీరాలకు చేర్చి విడిచిపెట్టినా, అక్కడ కొత్త సంతతి స్థిరపడలేదు.

ఆంధ్ర తీరంలో

కార్ ఏళ్ళ తరబడి వెంటాడిన మరో సమస్య రిడ్లీ తాబేళ్ళు. ఆ జాతులలో ఒకటైన ఆలివ్ రిడ్లీ ఒడిషాలోని గహిర్మాత, రుషికుల్య తీరాలకు వేల సంఖ్యలో వచ్చి గుడ్లు పెడుతుంది. ఉత్తరాంధ్ర తీరంలో కూడా అక్కడక్కడ గూళ్ళు పెడుతుంది. ఒడిషాలో బిళ్ళలు వేసిన తాబేళ్ళు శ్రీలంక జలాలలో దొరికాయి. అనకాపల్లి జిల్లా పూడిమడక వంటి మత్స్యకార గ్రామాల పడవలు, విశాఖపట్నం మరపడవలు తిరిగే సముద్రం ఈ రెంటికీ నడుమనే ఉన్నది.

తాబేలు ఊపిరికై నీటి పైకి రావలసినదే. ట్రాల్ వలలో చిక్కితే ఊపిరాడక మరణిస్తుంది. వలలో ఊచల చట్రం అమర్చితే రొయ్యలు లోనికి పోతాయి, తాబేలు పై ద్వారం గుండా బయటపడుతుంది. కొంత చేప కూడా జారిపోతుందన్నది మత్స్యకారుల అభ్యంతరం. అది తేలికగా కొట్టివేయదగినది కాదు. ఈ చట్రం వాడని దేశాల రొయ్యలను నిషేధించే అమెరికా చట్టం 1989లో వచ్చింది. దానిపై భారతదేశం మరి మూడు దేశాలతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో వాదించింది. చట్టం ఉద్దేశం సమ్మతమే గాని అమలులో వివక్ష ఉన్నదని 1998లో తీర్పు వచ్చింది. 2019లో అమెరికా భారత సముద్రపు రొయ్యల దిగుమతిని ఆపివేసింది.

మరణం

1987లో ఫ్లోరిడాలోని మికనోపీ వద్ద తన ఇంట మరణించాడు. ఫ్లోరిడా తూర్పు తీరంలో తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక మేటలను 1991లో ఈయన పేరిట అభయారణ్యంగా ఏర్పరచారు. టోర్టుగేరోలో బిళ్ళలు వేసే పని ఈయన తరువాత కూడా కొనసాగింది.