జమాఖర్చులు తెలిసిన రసాయనవేత్త లావోయిజర్

ఉద్యోగ జీవితమంతా పద్దులు సరిచూడడంలో గడిపిన మనవంటి వారికి ఫ్రెంచి శాస్త్రవేత్త ఆంటోనీ లావోయిజర్ పరాయివాడుగా తోచడు. ఆధునిక రసాయన శాస్త్రానికి పితామహుడని పేరుపొందిన ఈయన వృత్తిరీత్యా పన్నుల వసూళ్ళ మనిషి. రసాయన చర్యలో ఏ పదార్థం ఎంత ఖర్చయింది, ఏది ఎంత తయారైంది అని మన మనుమలు ఇంటర్మీడియట్‌లో వేస్తున్న లెక్కలకు పునాది పడింది ఆయన త్రాసు దగ్గరే.

1743 ఆగస్టు 26న పారిస్‌లో సంపన్న న్యాయవాది ఇంట జన్మించాడు. అయిదేళ్ళకే తల్లి పోయింది. తానూ న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నాడు గాని మనసంతా విజ్ఞాన శాస్త్రం మీదే. 1768లో, పాతికేళ్ళు నిండకుండానే, ఫ్రెంచి సైన్స్ అకాడమీలో సభ్యుడయ్యాడు. ఆ ఏడే పన్నుల ఇజారాదారుల సంస్థలో వాటా కొన్నాడు. రాజుగారికి ఇంత అని ముందుగా ఒప్పుకొని, ఉప్పు మీద, పొగాకు మీద, పట్టణంలోకి వచ్చే సరుకు మీద సుంకాలు రాబట్టుకొనే ఏర్పాటది. ప్రజలకు ఈ సంస్థ అంటే ఎంత మంటో వేరే చెప్పనక్కరలేదు. 1771లో సాటి ఇజారాదారుని కుమార్తె మేరీ ఆన్‌ను వివాహమాడాడు. అప్పటికామెకు 13 ఏళ్ళు. తరువాత ఆమె ఇంగ్లీషు నేర్చి భర్త కోసం గ్రంథాలు అనువదించింది. ఆయన పుస్తకానికి పరికరాల బొమ్మలన్నీ స్వయంగా గీసింది.

వస్తువు మండినప్పుడు అందులోంచి ఫ్లోజిస్టన్ అనేది బయటికి పోతుందని ఆనాటి పండితుల నమ్మకం. పోతే బరువు తగ్గాలి కదా! గంధకం, భాస్వరం మండితే బరువు పెరుగుతున్నదని 1772లో లావోయిజర్ గమనించాడు. జమ పెరిగిందంటే ఎక్కడినుంచో రాబడి ఉండి తీరాలి. ఆ రాబడి గాలిలోంచేనని తేల్చడానికి 4 ఔన్సుల పాదరసాన్ని, కొలిచి ఉంచిన గాలితో, 12 రోజులు ఎడతెగకుండా కాచాడు. పైన ఎర్రని పొడి కట్టింది. దాని బరువు 45 గ్రెయిన్లు. దాన్నే ఇంకా గట్టిగా వేడి చేస్తే 41న్నర గ్రెయిన్ల పాదరసం తిరిగి వచ్చింది, దానితో పాటు ఒక వాయువు వచ్చింది. మిగిలిన మూడున్నర గ్రెయిన్లూ ఆ వాయువుదే. నేటి పరమాణు భారాల ప్రకారం రావలసిన పాదరసం సుమారు 41.7 గ్రెయిన్లు. రెండు శతాబ్దాల క్రితపు పనితనం అది! ఆ వాయువే ఆక్సిజన్. దాన్ని ముందే తయారుచేసిన ఇంగ్లండు దేశస్థుడు ప్రీస్ట్లీకి దక్కవలసిన కీర్తి ఈయన పూర్తిగా దక్కనివ్వలేదని ఒక ఆక్షేపణ ఉంది. అది సబబైనదే.

1789లో వెలువరించిన గ్రంథంలో, చర్యకు ముందూ తరువాతా పదార్థం మొత్తం ఒక్కటేనని స్పష్టంగా రాసి, పులియబెట్టడాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. పంచదార 100 పౌన్లు, నీరు 400, ఈస్ట్ ముద్ద 10, వెరసి 510 పౌన్లు ఒకవైపు. వచ్చిన సారాయి, బొగ్గుపులుసు వాయువు వగైరాలు మరోవైపు. అచ్చంగా మన ట్రయల్ బ్యాలెన్సే. తమాషా ఏమంటే, పంచదారలో కార్బన్ నూటికి 28 పాళ్ళని ఆయన పట్టిక చెబుతుంది, నిజానికది 42. పొరపాట్లు ఒకదానికొకటి సరిపోయి మొత్తం మాత్రం కుదిరింది. లెక్క కుదిరినంత మాత్రాన పద్దులన్నీ సరైనవని కాదని మనలో అకౌంట్స్ వారికి తెలియనిది కాదు. అయినా పద్ధతి నిలిచింది, అంకెలను తరువాతి వారు దిద్దుకున్నారు. ఈ లెక్కలకు స్టాయికియోమెట్రీ అనే పేరు పెట్టినవాడు జర్మనీకి చెందిన రిక్టర్, 1792లో. ఆపైన డాల్టన్ పరమాణువులు వచ్చాక 2 గ్రాముల హైడ్రోజన్‌కు 16 గ్రాముల ఆక్సిజన్ కావాలని, 18 గ్రాముల నీరు వస్తుందని ముందుగానే చెప్పగలిగే వీలు కలిగింది.

ఆ గ్రాములోనూ ఈయన చేయి ఉంది. విప్లవ ప్రభుత్వం నియమించిన తూనికలు కొలతల సంఘంలో ఉంటూ, నిర్ణీత ఘనపరిమాణం గల నీరు ఎంత తూగుతుందో హాయీతో కలిసి తేల్చాడు. 1956 చట్టం తరువాత మనం వీశెలూ శేర్లూ వదిలి కిలోలకు మారింది ఆ పద్ధతిలోకే.

ఇంతలో ఇజారాదారుల మీద జనాగ్రహం విరుచుకుపడింది. పొగాకులో నీళ్ళు కలిపి తూకం పెంచారన్నది అభియోగాల్లో ఒకటి. త్రాసును నమ్ముకున్న మనిషిపై తూకపు దొంగతనం నేరం! 1793 నవంబరులో వారందరినీ నిర్బంధించి, సంస్థ లెక్కలు అప్పగించమన్నారు. ఖైదులో కూర్చుని లెక్కలు పూర్తి చేశారు, లావోయిజర్ అభియోగాలకు జవాబు రాశాడు. ఎవరూ వినిపించుకోలేదు. 1794 మే 8న ఒకే రోజులో విచారణ, తీర్పు, శిక్ష ముగిసిపోయాయి. మామగారి తల తెగిన వెంటనే ఈయన వంతు వచ్చింది. అప్పటికి వయసు యాభై.

మరుసటి ఏడు జప్తు చేసిన ఆస్తిని, పుస్తకాలను, పరికరాలను ప్రభుత్వం భార్యకు తిరిగి ఇచ్చింది. ఖైదులో ఉండగా ఆయన సిద్ధం చేస్తూ వచ్చిన పరిశోధన వ్యాసాలను ఆమె అచ్చు వేయించి, అమ్మకానికి పెట్టకుండా శాస్త్రజ్ఞులకు పంచిపెట్టింది. 1836 వరకూ జీవించింది.