వంటింటి పండితుడు ఆర్తూసి

ఇటలీవారి మాంసపు ఉండలనగానే నేడు మనవారికి టమాటా రసంలో మునిగి, స్పఘెట్టి సేమ్యాపై కూర్చున్న వంటకమే స్ఫురిస్తుంది. అది అమెరికాకు వలసపోయిన ఇటాలియనుల చేతివాటం. స్వదేశంలో పోల్పెత్తె అను పేర ఇండ్లలో వండుకొనే ఉండల తీరు వేరు. ఆ తీరును దేశమందలి ఇల్లాండ్రకు పుస్తకరూపంలో అందించిన పెల్లెగ్రీనో ఆర్తూసి వంటవాడు కాడు, వర్తకుడు, సాహిత్యాభిమాని.

ఆయన 1820 ఆగస్టు 4వ తేదీన రొమాన్యా ప్రాంతపు ఫోర్లింపోపోలి పట్టణంలో సంపన్న వర్తకుని ఇంట జన్మించినాడు. 1851 జనవరి 25వ తేదీ రాత్రి ఆ కుటుంబపు బ్రతుకు తలక్రిందులైనది. పసతోరే అను మారుపేరు గల బందిపోటు స్తేఫనో పెల్లోని ముఠాతో ఊరిపై బడి, నాటకశాలలో కూర్చున్న ధనికులను నిర్బంధించి, ఇండ్లు దోచినాడు. ఆర్తూసి ఇల్లును విడువలేదు. ఆ దౌర్జన్యానికి ఆయన సోదరి గెర్త్రూదెకు మతి చలించినది. చివరకు ఆమెను పిచ్చాసుపత్రిలో ఉంచవలసివచ్చినది. ఇక ఆ ఊరిలో నిలువలేక కుటుంబం ఫ్లారెన్సు చేరినది.

అక్కడ వర్తకంలో తగినంత ఆర్జించి, నడివయస్సులోనే వ్యాపారం మాని, బ్రహ్మచారిగానే ఉండి సాహిత్యంపై మనసు నిలిపినాడు. 1878లో కవి ఫోస్కొలో జీవితచరిత్ర వ్రాసినాడు. 1881లో జూస్తి లేఖలపై వ్యాఖ్య వెలువరించినాడు. రెండింటినీ పట్టించుకొన్నవారు లేరు. 1891లో, డెబ్బదియొకటవ ఏట, 475 వంటలతో పాకశాస్త్ర గ్రంథం సిద్ధం చేయగా ప్రచురణకర్తలు ముందుకు రాలేదు. తన సొమ్ముతో వేయి ప్రతులు అచ్చువేయించి, పెంపుడు పిల్లులు రెండింటికి అంకితమిచ్చినాడు. కృతిభర్తల కోసం రాజాస్థానాలు తిరిగిన మన కవులు ఇది వింటే ఏమనుకొందురో! జన్మస్థలంలో జరిగిన ఒక ధర్మకార్యపు సంతలో బహుమతులుగా ఉంచిన రెండు ప్రతులను గెలుచుకొన్నవారు ఎగతాళి చేసి పొగాకు దుకాణంలో అమ్ముకొన్నారు.

ఆ గ్రంథంలో పోల్పెత్తె ప్రకరణం చిన్నదే. ఈ వంట నేర్పే గర్వం తనకు లేదని, మానవునికి ఈ ఆకారం చూపిన తొలిగురువు గాడిదే కావచ్చునని మోటుపరిహాసంతో అది మొదలౌతుంది. పిమ్మట పని మొదలు. మిగిలిన ఉడికించిన మాంసాన్ని సన్నగా తరిగి, ఉప్పులో ఊరి ఆరిన పందితొడ మాంసం, పర్మజాన్ జున్ను, మిరియాలు, కిస్‌మిస్, చిల్గోజా గింజలు కలుపవలెను. మాంసపు రసంలోనో పాలలోనో ఉడికించిన రొట్టెమెత్తన కొంత చేర్చి, గ్రుడ్డుతో బంధము కుదుర్చవలెను. గ్రుడ్డంత ఉండలను భూగోళంవలె రెండు ధ్రువాల వద్ద కొంచెం అదిమి, రొట్టెపొడిలో దొర్లించి వేయించవలెను. ధూళిమిట్ట వంటి మన పల్లెలలో దసరా మరునాడు మిగిలిన కూరకు కొత్తరుచి తెచ్చే ఇల్లాలికి ఈ పొదుపు వింత కాదు.

ఇటలీ ఒక్క రాజ్యమైనది 1861లోనే. పెక్కు మాండలికాల ఆ దేశంలో పెద్దయిండ్ల వంటలకు ఫ్రెంచి పేర్లే అలంకారములు. ఆర్తూసి వాటిని త్రోసి, ఫ్లారెన్సు పలుకుబడిలో చక్కని ఇటాలియను వ్రాసినాడు. మన గిడుగువారు ఉద్యమించి సాధింపజూచిన పనిని ఈయన వంటల మాటున సాగించినాడనవచ్చును. మొదటి ప్రతులు నెమ్మదిగా అమ్ముడైనను, పిదప పాఠకురాండ్రు తమ యింటి వంటలను ఉత్తరాలలో వ్రాసి పంపసాగినారు. వంటవాడు ఫ్రాంచెస్కో రుఫీల్లి, ఇంటి వ్యవహారం చూచే మరియెట్టా సబాతీని పొయ్యివద్ద పరీక్షింపనిదే ఆయన ఏదియు అచ్చుకు పంపలేదు. పదునాలుగవ ముద్రణనాటికి వంటలు 790 అయినవి.

1911 మార్చి 30వ తేదీన, తొంబదవ యేట, ఆయన ఫ్లారెన్సులో కన్నుమూసినాడు. గ్రంథస్వామ్యమును రుఫీల్లికి, మరియెట్టాకు వ్రాసియిచ్చినాడు. తన గ్రంథాన్ని పొగాకు దుకాణం పాలుచేసిన ఫోర్లింపోపోలికి ఆస్తి విడిచినాడు. 2007లో ఆ పట్టణంలో కాసా ఆర్తూసి అను పాకకేంద్రం వెలసినది. అచ్చట పిండి మర్దించుట నేర్పే స్త్రీలను మరియెట్టలని పిలుస్తారు.